అనురాధ చెప్పిన నొప్పి

“పరీక్షలో ఏమీ లేదమ్మా. క్యాన్సర్ అన్న భయం వద్దు,” అంది సూరత్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరు.

అనురాధ కుర్చీలోంచి లేవలేదు. “మళ్ళొక్కసారి సూడుండ్రి మేడమ్. నెత్తురు ఆగుతనే లేదు. నడుమంత గుంజుతది.”

“నీ గర్భసంచి బాగుంది. నిశ్చింతగా ఇంటికి వెళ్ళు.”

ఆ మాటకు అనురాధ వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేకపోయిందనుకుని డాక్టరు ఆమె భుజం తట్టింది.

గేటు బయట ఆమె భర్త సదానందం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మీసాలున్న మనిషిని ఆడవాళ్ళ వార్డులోకి రానివ్వనని వాచ్‌మన్ పొద్దున్నే ఆపేశాడు.

“నా నొప్పి మొత్తం చెప్పినవా?” అని అడిగాడు.

“ఒక్కటి ఇడువకుంట చెప్పిన. ఆమె నన్ను పండవెట్టి సూసింది. నువ్వు ఆడపిల్లవై పుట్టినవని నా నోటికెట్ల వస్తది?”

సదానందం, “పోనీ తియ్, నీకైతే ఏం లేదు గద,” అని నవ్వి ముందు నడిచాడు.

డిండోలి పేటలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, తాను నేసే పాలిస్టర్ గుడ్డనే లోపల మడిచి కట్టుకుంటాడు. అది నెత్తురు పీల్చదు.

అనురాధ కొంగు చాపి, అతని ప్యాంటు మీది మరకకు అడ్డంగా పట్టుకుని, వెనకాలే నడిచింది.