మెకానిక్ చెవి

రేపటి నుంచి పనిలోకి వెళ్లొచ్చని డాక్టరు రాసిచ్చిన కాగితం లిఫ్టు మెకానిక్ జేబులో ఉంది. అయినా అతనికి ధైర్యం చాలడం లేదు.

ఎనిమిది నెలల పాటు లేని గొంతులు విన్నవాడు మరి. పక్కింటివాళ్ల దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారని నమ్మినవాడు. మందులు పడ్డాక గొంతులు నోరు మూసుకున్నాయి. కానీ బుర్ర నిజంగా బాగుపడిందా? అది తేల్చుకుందామనే ఈ పరిశోధనకు ఒప్పుకున్నాడు.

పరిశోధకురాలు రెండు గాజు సీసాలు చూపించింది. ఒకదాంట్లో ఎర్రపూసలు ఎక్కువ, రెండోదాంట్లో నీలిపూసలు ఎక్కువ. రెండిటినీ బల్ల మీది తెర వెనక పెట్టింది.

"ఒకే సీసాలోంచి ఒక్కో పూసా తీసి చూపిస్తానండీ. అది ఏ సీసానో నిదానంగా ఆలోచించి చెప్పండి. ఈ జబ్బు వచ్చినవాళ్లు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో చూస్తున్నాం, అంతే."

ఎరుపు. ఎరుపు. నీలం. ఎరుపు.

మెకానిక్ చెవి రిక్కించాడు. పదో అంతస్తులో నట్టు వదులైతే కింద నిలబడి పసిగట్టిన చెవి అది. సీసాలో చెయ్యి పెడితే పూసలు గలగలమనాలి కదా! తెర వెనక అలికిడే లేదు.

జబ్బు మళ్లీ మొదలైందా?

"మేడమ్, ఏమీ అనుకోకండి. నిజంగా సీసాలోంచే తీస్తున్నారా?"

ఆమె ఒక్క క్షణం తడబడింది.

"అవునండీ. ఎందుకలా అడిగారు?"

"చప్పుడు వినపడట్లేదు."

ఆమె ఏదో రాసుకుంది. అనుమానం కనిపిస్తే రాయాలన్నది వాళ్ల నియమం.

"ఎర్రపూసల సీసా" అన్నాడు మెకానిక్.

"చాలా బాగా చేశారు! అస్సలు తొందరపడలేదు" అని మెచ్చుకుందామె. అతనికి ఆ మెప్పు తలకెక్కలేదు.

బయట కాచుకుని ఉన్న అక్క ఎదురొచ్చింది.

"ఎలా అయిందిరా?"

అతను జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు.

"అయ్యో, అదేం పనిరా!"

"ఎదురుగా అయ్యే చప్పుడే వినపడట్లేదక్కా. ఈ చెవిని నమ్ముకుని పదిమందిని లిఫ్టు ఎక్కించమంటావా? పాపం చుట్టుకుంటుంది. ఇక నావల్ల కాదు."

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది.

లోపల పరిశోధకురాలు తర్వాతి మనిషి కోసం, ముందే రాసిపెట్టుకున్న వరుసలో, మెత్తటి గుడ్డ మీద పూసలు పేర్చుకుంది. సీసాల మూతలు ఇవాళ కూడా తీయలేదు.