రాజు లేనివాళ్ళ నాగరికత

రాజు లేని జనానికి నాగరికతే లేదని తీర్పు చెప్పింది మీరే. బుకాయించకండి.

2004లో అమలాపురం నెట్ సెంటర్లో రాజ్యాలు కట్టే కంప్యూటర్ ఆట పోటీ పెట్టారు. కొత్త ఆటలో ఏ నాగరికతను చేర్చాలో గెలిచినవాళ్ళు చెబితే, సెంటర్ తరఫున ఆట తయారుచేసే కంపెనీకి మెయిల్ పంపుతారు. శాతవాహనులా, చోళులా అని కుర్రాళ్ళు వాదులాడుకుంటూండగానే డిగ్రీ చదివే కెజియా గెలిచేసింది.

“ఏ రాజులని రాయమంటావమ్మా?” అడిగారు సెంటర్ నడిపే కుమారస్వామి గారు.

“రాజుల్లేరండి. గోదారి మధ్య లంకల్లో ఉండే మా వాళ్ళండి. వరద ఊడ్చుకుపోయిన ప్రతిసారీ మళ్ళీ ఊరు కట్టేరు.”

“కోటా లేదు, సింహాసనమూ లేదు. వాళ్ళనెవరు ఆడతారమ్మా? అయినా పనోళ్ళు అన్ని రాజ్యాల్లోనూ ఉన్నారుగా.”

“ఆయ్, ఉన్నారండి. కట్టెలు కొట్టి, పంట పండించి, మీ కోట కట్టేది వాళ్ళేనండి. ఆటలో ఇంతమందే ఉండాలన్న జనం లెక్క నిండిపోయి సైన్యానికి చోటు చాలకపోతే, మీరు మీట నొక్కి చంపేసేదీ వాళ్ళనేనండి.”

“అది ఆటమ్మా. అందరూ అలాగే ఆడతారు.”

“నేనలా ఆడలేదండి. తెర చూడండి, పనోళ్ళలో ఒక్కరినీ తీయలేదు. అయినా గెలిచేను కదండీ.”

ఆయన చూశారు. కీబోర్డు ఆమె వైపు జరిపారు. కెజియా టైపు చేసింది:

గోదావరి లంకల నాగరికతను చేర్చాలి.

పనివాళ్ళందరికీ పేర్లుండాలి.

వాళ్ళను చంపే మీట తీసేయాలి.

ఏ రాజ్యంలోనైనా చోటు చాలకపోతే, ముందు రాజును తీయాలి.