ఎడమ చెవి దగ్గర గాలి

"ఎడమ చెవి కాడ ఇంకా కొడుతుంది సేట్," అన్నాడు సైదులు కారు దిగుతూ.

అతుల్ ఇంజిన్ ఆపాడు. "ఇంకానా కాకా? ఎనక అద్దం రెండించులు పెంచినం గదా!"

"పెంచినం. మెడకు తగుల్తలేదు. చెవి కాడనే జర ఉన్నది. రేపు కూసునేది ఆడమనిషాయె, జుట్టు ఎగురుతది. వచ్చే ఐతారం ఇంకోపారి చూద్దాం."

"చలేగా. తొందరేం లేదు."

ఎర్ర కారు కామాటిపుర గల్లీ మలుపు తిరిగేదాకా సైదులు అక్కడే నిలబడ్డాడు.

ఆ కారును అతుల్ సొంతంగా కట్టుకున్నాడు. భివండీలో షెడ్డు అద్దెకు తీసుకుని, ఇనుప పైపులు అతికి, పాత కారు ఇంజిన్ బిగించేసరికి నాలుగేళ్లు పట్టింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. అన్నీ కుదిరాయి గానీ గాలే కుదరలేదు. ముందు అద్దం మీదుగా దూకిన గాలి తిన్నగా వెనక్కి పోదు. సీట్ల వెనక సుడి తిరిగి వచ్చి మెడ మీద, చెంప మీద చరుస్తుంది.

"నాకు అలవాటైంది. మా ఇంటామె మేఘా ఒక్కపారి ఎక్కి, సగం తొవ్వలనే దిగిపోయింది. తలకాయ నొప్పంట. నువ్వే ఏదన్న చెయ్యాలె కాకా," అంటూ రెండు నెలల కింద ఫోరస్ రోడ్డులో సైదులు దుకాణం ముందు కారు ఆపాడు అతుల్.

సైదులు నలభై ఏళ్లు టాక్సీ సీట్లు కుట్టిన మనిషి. ఏ అద్దం దింపితే ఎవరి మెడకు గాలి తగులుతుందో అతనికి తెలుసు. భార్య లచ్చమ్మ పోయాక రెండేళ్లుగా తెరవని ఆమె అల్లికల డబ్బా తెరిచి, ఊలు దారాలు జానెడేసి తెంచాడు. గాలి ఎటు తిరుగుతుందో కనిపించేలా వాటిని పక్క సీటు చుట్టూ అతికించి, ఆ సీట్లో గోనెపట్టా వేసుకుని తనే కూర్చున్నాడు. సముద్రం ఒడ్డు రోడ్డెక్కగానే దారాలు పూనకం వచ్చినట్టు ఊగాయి. అతుల్ ఏదో అన్నాడు. ఒక్క ముక్క వినపడలేదు.

రెండో ఆదివారానికి సీట్ల వెనక ఆక్రిలిక్ అద్దం నిలిపి, సీట్ల మధ్య సందును ఫోమ్‌తో మూశాడు. మూడో ఆదివారానికి ముందు అద్దం రెండు చివర్లా అరచేతి వెడల్పు రెక్కలు పెట్టి, సీటు రెండంగుళాలు కిందికి దింపాడు. ఆ రోజు హాజీ అలీ దాటాక దారాలు గాలాడని రోజు తీగ మీద ఆరేసిన బట్టల్లా కదలకుండా వేలాడాయి. అప్పుడు వినిపించింది అతుల్ మాట.

"మా తాత గిదే కామాటిపురల ఉంటుండె కాకా. పని మీద బోతే అన్నం మూటల రోజూ ఉల్లిగడ్డ కారమేనంట. నిజమేనా?"

"నిజమే," అంటూ సైదులు అతుల్ వైపు తిరిగాడు. లచ్చమ్మ పోయాక అతనితో తెలుగులో ఇంతసేపు మాట్లాడిన మనిషి లేడు. అతనుండే వరస గదుల చాల్‌లో అటు గది ఖాళీ. ఇటు గదిలో కొత్తగా దిగినవాళ్లకు మన భాష రాదు. ఆ పొద్దున ఉల్లికారం దగ్గర మొదలైన మాట వర్లీ దాకా పోయి వచ్చినా తెగలేదు. దిగేటప్పుడు అతుల్ "ఎట్లుంది కాకా?" అని అడిగితే, సైదులు నోటి నుంచి ఆ మాట జారిపోయింది: ఎడమ చెవి కాడ ఇంకా కొడుతుంది.

అబద్ధాలు కల్పించడం అతనికి రాదు. అందుకే ప్రతి ఆదివారం అదొక్కటే చెప్పాడు. అద్దం పెంచారు, రెక్క వంచారు, తల ఆనించే దిండు మార్చారు. అతుల్ ఒక్కసారీ విసుక్కోలేదు. పైగా ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా చాయ్ తెచ్చేవాడు.

ఎనిమిదో ఆదివారం మాత్రం వర్లీలో చాయ్ తాగుతుంటే సైదులుకు లచ్చమ్మ గుర్తొచ్చింది. టాక్సీలో ఒక్కసారి సముద్రం చుట్టూ తిప్పమని ఎన్నేళ్లు అడిగింది! రేపు, ఎల్లుండి అంటూనే పోనిచ్చాడు. ఇప్పుడు ఇంకొకామె కూర్చోవలసిన చోట తను కూర్చుని, ఆమెను ఇంట్లో ఉంచుతున్నాడు.

"అయిపోయింది సేట్," అన్నాడు. "గాలి లేదు."

అతుల్ చేతిలో కప్పు ఆగింది. "చెవి కాడ?"

"లేదు."

"మంచిగ చూసినవా కాకా?"

"చూసిన. ఇగ సీటు పక్కాగ కుడత. ఆమె ఎత్తు ఎంతుంటది?"

అతుల్ మిగిలిన చాయ్ సైదులు కప్పులో పోశాడు. "నీ అంతనే ఉంటది," అన్నాడు.

సైదులు వారం రోజులు మనసు పెట్టి కుట్టాడు. తండ్రి బాలనర్సయ్య నాటి నుంచి ఆ దుకాణానికి ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సీటుకు వీపు పైనుంచి ముందు అంచు దాకా ప్లాస్టిక్ ముసుగు బిగించి, ఎర్ర దారంతో కుట్టేస్తారు. దారం తెంపనిదే కూర్చోవడానికి వీలుండదు.

"ఆమె చేతులతోనే తెంపియ్యి," అన్నాడు శనివారం సీటు బిగిస్తూ. "మొదట కూసునేటోళ్లే తెంపాలె."

మర్నాడు అలవాటు కొద్దీ ఆరింటికే లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుర్తొచ్చి విప్పేశాడు. ఊలు దారాలు ఉండ చుట్టి డబ్బాలో పెట్టాడు. ఆ పూట ఎవరితోనూ మాట్లాడే పని పడలేదు.

ఆ పై ఆదివారం ఏడింటికి కింద హారన్ మోగింది. సైదులు మెట్లు దిగేసరికి అతుల్ స్టీరింగు వైపే చూస్తున్నాడు.

"నిన్న మేఘాను వర్లీ దాకా తిప్పిన కాకా. సీటు మస్తున్నదన్నది. కానీ…"

"కానీ?"

"ఎడమ చెవి కాడ ఇంకా కొడుతుందంట. ఒక్కపారి వచ్చి చూస్తవా?"

సైదులు చెవులు వేడెక్కాయి. తను ఆడిన అబద్ధమే నిజమై ఎదురొచ్చిందా? పైకి పోయి, ఊలు డబ్బా పట్టుకొచ్చాడు. ఎడమ తలుపు తెరిచి, కూర్చోబోతూ వంగాడు.

ముసుగు మీద ఎర్ర దారం తెగలేదు.