పెట్టె మూత మీది సంఖ్య

రెండు తాళాలూ ఊడివచ్చాయి. చెల్లెలు మూత ఎత్తింది.

పుస్తకం లేదు. అడుగున మడిచిన కాగితం ఒక్కటి. అంతే.

కింద గదిలో అక్క కుట్టుమిషను టకటకా నడుస్తూనే ఉంది.

నాన్న లెక్కల మాస్టారు. పెద్ద పెద్ద సంఖ్యల గుణాల మీద నలభై ఏళ్లు రాసుకున్న నోటుపుస్తకమే ఆయన ఆస్తి. పోయేముందు దాన్ని పెట్టెలో పెట్టి, నాలుగంకెల నంబరు తాళాలు రెండు వేశాడు. ఒకదాని నంబరు పెద్దకూతురి చెవిలో, రెండోదాని నంబరు చిన్నకూతురి చెవిలో ఊదాడు. రెండూ ప్రధాన సంఖ్యలే. వాటిని గుణిస్తే వచ్చేదాన్ని మూత మీద తెల్లరంగుతో రాశాడు: 5,41,73,879.

"ఒకటీ, ఈ సంఖ్యా పోను దీన్ని భాగించేవి మీ రెండు నంబర్లే. ఇంకెవరొచ్చినా శేషం మిగలాల్సిందే. అనుమానమొస్తే గుణించి సరిచూసుకోండి" అన్నాడు. సరిచూడకుండా లెక్క వదలడం ఆయనకు చేతకాదు. ఇద్దరూ కలిసి తెరవాలి, పుస్తకం ఇద్దరి పేర్లతో అచ్చు కావాలి. అదీ ఆయన కోరిక.

అక్క ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి దర్జీ పనిలో పడింది. చెల్లెలు కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆ పుస్తకం చేతికొస్తే నలుగురిలో తన పేరు నిలుస్తుందని ఏడాదిగా కళ్లు కాయలు కాసేలా చూస్తోంది.

కాగితం విప్పింది. చొక్కా కొలతలు రాసుకునే కాగితం. అక్క గుండ్రటి రాత. మూత మీది సంఖ్యను అక్క తన 6841తో భాగించింది. ఏడు, తొమ్మిది, ఒకటి, తొమ్మిది. శేషం సున్నా. సున్నా కింద రెండు గీతలు.

7919. నాన్న చెల్లెలి చెవిలో చెప్పిన నంబరు.

కిందటి నెల ఇదే అక్క టీ గ్లాసు చేతికిచ్చి మరీ బతిమాలింది. "పిల్లదాని హోంవర్కుకే. పెద్ద భాగహారం ఎలా చేస్తారో కాస్త చెప్పవే. నా బుర్రకి కత్తెర తప్ప ఇంకేదీ ఎక్కదు." ముచ్చటపడి గంటసేపు నేర్పింది తనే. చివర రెండు గీతలు కొట్టడంతో సహా.

ఏకు మేకైంది. తడిగుడ్డతో గొంతు కోసింది, అదీ తోడబుట్టినది. నాన్న మాట మీద గౌరవం లేదు, చెల్లెలి మీద అసలే లేదు. ఊరుకుంటే ఎలా? అడిగెయ్యాలి. కడిగెయ్యాలి.

కాగితం గుప్పిట్లో నలిపి విసవిసా మెట్లు దిగింది. నోరు తెరవబోయింది.

"తలనొప్పని పైకెళ్లి పడుకున్నావుగా, తగ్గిందా? రేపు అచ్చాఫీసాయన వచ్చాక నీ తాళం నువ్వూ నా తాళం నేనూ తీసి, పెట్టె అప్పుడు తెరుద్దాం" అంది అక్క, సూది మీంచి చూపు తిప్పకుండా.