వద్దన్న బిడ్డ

“పోనని చెప్పాగా! మళ్లీ మళ్లీ అడగమాక!”

గోడవతల నుంచి స్టెల్లా అరుపు వినబడి శౌరమ్మ కుట్టుమిషను ఆపింది. కాసేపటికి స్టెల్లా భర్త బాలశౌరి బైకు వీధి మలుపు తిరిగిన చప్పుడైంది. ఆ తర్వాత ఏడుపు.

“స్టెల్లా, ఇట్టా రా తల్లీ,” శౌరమ్మ గోడ మీదుగా కేకేసింది. “ఈ ఎండలో దీన్ని మోసుకుని నేను రాలేను.”

‘ఇది’ అంటే దీవెన. తొమ్మిదేళ్ల పిల్ల. నడవలేదు, మాటలు రావు. శౌరమ్మ, ఆమె భర్త ఇన్నయ్య ఆ పిల్లతో కిందటేడే నకరికల్లు నుంచి రెంటచింతల వచ్చి ఈ ఇంట్లో అద్దెకు దిగారు.

స్టెల్లా వచ్చి ఫ్యాను కింద గోడకానుకుని కూర్చుంది. ఏడో నెల. మొహం వాడిపోయి ఉంది. వేడికి పైన రేకులు టపటపమంటున్నాయి.

“ఏంది గొడవ?” పప్పన్నం కలుపుతూ అడిగింది శౌరమ్మ.

“గుంటూరు పోదామని ఒకటే పోరు.”

నరసరావుపేటలో స్కానింగ్ తీసినప్పుడు కడుపులో బిడ్డకు వెన్నుపూస సరిగా మూసుకోలేదని తేలింది. గుంటూరు పెద్దాసుపత్రిలో కాన్పు కావాలని, పుట్టగానే ఆపరేషన్ చెయ్యాలని, ఆలస్యమైతే బిడ్డ దక్కకపోవచ్చని చెప్పారు. రమ్మన్న రోజు స్టెల్లా వెళ్లలేదు. చర్చిలో ఆదివారం పూజకు కూడా వెళ్లడం మానేసింది.

“పోవచ్చుగా మరి?”

“దేవుడేసిన శిక్షకి డాక్టర్లేం చేస్తారక్కా?”

“శిక్షేంది?”

స్టెల్లా తల దించుకుంది. “ఎవరికీ చెప్పలా. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడే నెల తప్పా. గుడికి పోయి మోకాళ్లేసి ఏడ్చా. ఈ బిడ్డ నాకిప్పుడొద్దు ప్రభువా, తీసేసుకో అన్నా. ఆయన విన్నాడు. వద్దన్నావుగా, ఇదిగో అనుభవించు అన్నాడు.”

శౌరమ్మ ముద్ద చేసి దీవెన నోట్లో పెట్టింది. పిల్ల చటుక్కున వేలు కొరికేసింది.

“అబ్బా! వదలవే... వదులు!”

చెయ్యి లాక్కునేసరికి వేలి మీద రక్తపు చుక్క తేలింది. శౌరమ్మ రెండో చెయ్యి పైకి లేచింది. స్టెల్లా కళ్లు మూసుకుంది. దెబ్బ చప్పుడు వినబడలేదు. కళ్లు తెరిచేసరికి శౌరమ్మ ఆ చేత్తోనే పిల్ల దవడ నిమురుతోంది.

“కొడతావనుకున్నా.”

“నాకూ ఒళ్లు మండిద్దిగా. కానీ దీనికి పన్ను సలిపినప్పుడే ఇట్టా కొరికిద్ది. నొప్పని చెప్పుకోటానికి మాటల్లేవు.” వేలు నీళ్లలో ముంచి, చెయ్యి మార్చి ఇంకో ముద్ద పెట్టింది. “నువ్వూ అంతేగా. భయమేసి ఆ మాటన్నావు. దీని కొరుకుడు వెనక నొప్పి నాకే కనపడుతుంటే, నీ మాట వెనక భయం ఆయనకి కనపడదా? నాపాటి మనసన్నా ఉండదా ఆయనకి?”

స్టెల్లా కళ్లు నిండాయి. “మరి నా బిడ్డ ఎందుకిట్టా...?”

“నాకు తెలవదు. ఫాదర్ని అడిగితే ఆయనా తెలవదనే అన్నాడు. ఎందుకిట్టా అయిందో తెలవకపోయినా, మనల్ని చేసినోడు ఎట్టాంటోడో తెలిస్తే బతకొచ్చు. మాట పట్టుకుని కక్ష తీర్చుకునేవాడు కాదమ్మా ఆయన. కక్షలన్నీ మన పల్నాడోళ్లవి. ఆయనకి అంటగట్టమాక.”

ఏడుస్తున్న స్టెల్లాకు నవ్వొచ్చింది. రెండూ కలిసి పొలమారింది. శౌరమ్మ మంచినీళ్ల గ్లాసందించింది.

“దీవెన ఇట్టా ఉంటదని నీకెప్పుడు తెలిసిందక్కా?”

“మొదటిసారి చూసినప్పుడే. డాక్టరు కూడా దాచకుండా చెప్పాడు, నడవదు, మాట్లాడదని.”

“భయం వేయలా?”

“ఎందుకెయ్యదు? ఆ రాత్రి నేనూ మీ బావా అన్నం ముట్టలా. తెల్లారి పోయి ఎత్తుకుంటే నా జాకెట్టు పట్టుకుని వదల్లేదు. ఇంక భయపడే తీరికేదీ?”

“మీ అత్త ఏమన్నది?”

“ఏ పాపం చేస్తే ఇట్టాంటిది మన ఇంటికొచ్చింది అన్నది. చానాకాలం మా గడప తొక్కలా. ఇప్పుడు అదే మనిషి దీనికి పాలకోవా చేసి పంపిద్ది.”

దీవెన నేల మీద పాకుతూ వచ్చి, అన్నం మెతుకులంటిన చెయ్యి స్టెల్లా పొట్ట మీద వేసింది. స్టెల్లా ఆ చేతిని తీసెయ్యలేదు. తన చెయ్యి దాని మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది. దీవెన ‘హ్హా’ అని గట్టిగా నవ్వింది.

స్టెల్లా రెండో చేత్తో ఫోను తీసింది.

“ఏవయ్యా, ఎక్కడున్నావు? కారు మాట్లాడు. రేపు పొద్దున్నే గుంటూరు పోదాం... ఆఁ, నిజంగానే. ముందు ఇంటికొచ్చి అన్నం తిను.”

లేచి, గడప దాకా వెళ్లి ఆగింది.

“అక్కా, ఒక్కమాట. నిజం చెప్పాలి. ఇట్టాంటి బిడ్డని ఇస్తా, తీసుకుంటావా అని దేవుడు నిన్ను ముందే అడిగుంటే ఏమనేదానివి?”

శౌరమ్మ దీవెన మూతి కొంగుతో తుడిచి, పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

“అడిగాడు స్టెల్లా... అనాథాశ్రమంలో అడిగితేనే దీన్ని తెచ్చుకున్నాం.”