కదలని బాసెల్ బండి

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు పోయే బండి ప్లాట్‌ఫాం మీదే ఉంది. తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల లైట్లు వెలుగుతున్నాయి. కదలదంతే.

తెల్లవారుజాము నుంచి డ్రైవర్ల సమ్మె. నిన్న సాయంత్రమే చాటారు. అయినా జర్మనీలో మా కాసెల్ జనం పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చేశారు. మావాళ్లంతే. టికెట్ మీద బండి ఉందని రాసుంటే ఉన్నట్టే. ఒకాయనైతే ఆ కదలని బండెక్కి, తన రిజర్వేషన్ సీట్లో కూర్చున్న ముసలామెను లేపేశాడు కూడా.

"ఎక్కడికీ పోని సీటుకు ఇంత రుబాబెందుకయ్యా?" అందామె.

"నా సీటు నా సీటే!"

అన్నెగ్రెట్, ఆమె భర్త ఓర్ట్‌విన్ బండెక్కలేదు. పెట్టెలు కాళ్ల దగ్గర పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు.

చలికాలమంతా వాళ్ల వంటింటి బల్ల మీద మ్యాపు పరిచే ఉంది. బాసెల్‌లో మారాలి. మిలాన్‌లో మారాలి. జెనోవాలో దిగాలి. తిరుగుదారిలో టురిన్, లియోన్, స్ట్రాస్‌బర్గ్. సూపు గిన్నె పెట్టుకోను కూడా చోటు లేకుండా చేశాడు ఓర్ట్‌విన్. "మిలాన్‌లో పరిగెత్తక్కర్లేదు. తీరిగ్గా కాఫీ తాగొచ్చు" అని మురిసిపోయాడు.

ఆమెకు ఆ కాఫీ అక్కర్లేదు. టురిన్ అక్కర్లేదు. రేపు మధ్యాహ్నం లోపల జెనోవా చేరితే చాలు.

రేపు ఇటలీలోని జెనోవా రేవులో ఒక ఓడ ఆగుతుంది. అందులో వంటవాడు ఆమె తమ్ముడు హెన్నింగ్. అమ్మ పోయినప్పుడు వాడు నడి సముద్రంలో ఉన్నాడు. మట్టి వెయ్యడానికి రాలేకపోయాడు. "నువ్వు నా తమ్ముడివే కాదు పో" అని ఫోన్ పెట్టేసింది అన్నెగ్రెట్. ఆ తర్వాత ఏళ్లు గడిచిపోయాయి, మాటల్లేవు.

మొన్న క్రిస్మస్‌కి వాడే ఫోన్ చేశాడు.

"గుండె బాగాలేదక్కా. ఇదే ఆఖరి ఓడ. ఇక మనీలాలో నా పెళ్లాం దగ్గరే పడుంటా. జెనోవాలో ఒక్కపూట ఆగుతాం. వస్తావా?"

ఫోన్లో అన్న మాటను ఫోన్లో వెనక్కి తీసుకోకూడదు అనుకుంది. వాడి మొహంలోకి చూసి తీసుకోవాలి.

ఇప్పుడేమో దారి లేదు. బస్సులు కిక్కిరిసిపోయాయి. అద్దె కార్లు రాత్రికి రాత్రే అయిపోయాయి. సొంత కారు ఓర్ట్‌విన్ కొననివ్వలేదు, రైళ్లుండగా కారెందుకని. చెవి ఆపరేషన్ తర్వాత విమానం ఎక్కొద్దని డాక్టరు ఆమెకు గట్టిగా చెప్పాడు.

పక్కన మంచు మీద జారే స్కీలు భుజాన వేసుకుని నిలబడ్డ మనిషి రగిలిపోతున్నాడు.

"అందర్నీ ఉద్యోగాల్లోంచి పీకి పారెయ్యాలి! కూర్చుని మీట తిప్పడానికి ఇంత పొగరా? ఏమంటారండీ?"

అడిగింది ఓర్ట్‌విన్‌ని. ఓర్ట్‌విన్ నేలకేసి చూశాడు. జవాబు చెప్పింది అన్నెగ్రెట్.

"మీరెప్పుడైనా నడిరాత్రి లేచి పనికి పోయారా? పండగనాడు పెళ్లాం పిల్లల్ని వదిలేసి పోయారా? పట్టాల మీదకి ఎవడో దూకితే, వాడి మొహం మీకెప్పుడైనా కలలోకొచ్చిందా? లేదుగా? అయితే నోర్ముయ్యండి."

"అబ్బో! ఈ బండి పోకపోతే మీకు పోయేదేం లేనట్టుంది."

"నాకేం పోతుందో మీకేం తెలుసు?" అంది.

స్టేషన్ మేనేజరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పదిమంది చుట్టుముట్టి అరుస్తున్నా ఆగలేదు. నేరుగా బెంచీ దగ్గరికొచ్చి, వంగి, ఓర్ట్‌విన్ చెవిలో ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె అన్నెగ్రెట్ వైపు చూపిస్తూ మళ్లీ చెప్పింది. బతిమాలుతున్నట్టే ఉంది. అతను మళ్లీ తల అడ్డంగానే ఊపాడు. ఆమె నిట్టూర్చి వెళ్లిపోయింది.

"ఏమంటోంది?" అంది అన్నెగ్రెట్.

"దారంతా ఖాళీగా ఉందట. ఎలాగోలా బాసెల్ చేరితే చాలట. అక్కణ్నుంచి స్విస్ డ్రైవరు ఎక్కుతాడట."

"మరి?"

"బాసెల్ దాకా నడిపేవాడు కావాలి."

బండి తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకున్నాయి.

"ఓర్ట్‌విన్, ఏదో ఒకటి చెయ్యి."

"నా వల్ల కాదు, అన్నెగ్రెట్. అడక్కు."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఏం కనిపించిందో ఏమో, మళ్లీ అడగలేదు.

మైకు గరగరలాడింది. బాసెల్ బండి రద్దు. మన్నించాలి. లోపలున్నవాళ్లు తిట్టుకుంటూ దిగారు. రిజర్వేషన్ సీటాయన అందరికంటే ఆఖర్న దిగాడు. లైట్లు ఒక్కో బోగీలో ఆరిపోయాయి.

అన్నెగ్రెట్ ఫోన్ తీసింది. అవతల గిన్నెల చప్పుడు, ఇంజిను హోరు.

"అక్కా! బయల్దేరావా? నీకని చేపలు ఉప్పులో వేసి ఉంచా. నీకిష్టమైనట్టు సోయికూర వేసి."

"లేదురా. రాలేను. బండి ఆగిపోయింది."

"అదేంటి? ఇంకో దారే లేదా? బావ ఎలాగోలా తీసుకొస్తాడనుకున్నానే!"

"బావ ఏం చేస్తాడురా పాపం, డ్రైవరు రాలేదు" అంది అన్నెగ్రెట్, ఏళ్ల తరబడి అదే బండిని బాసెల్‌కు నడిపి, ఈ సమ్మెకు అందరికంటే ముందు చెయ్యెత్తిన తన మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని.