లోకేశ్వరి మెచ్చుకున్న రాడ్డు

హీటర్ రాడ్డు ప్లాస్టిక్ పిడి మీద నాలుగు వేళ్ల అచ్చు పడి ఉంది.

అవి కోమలి వేళ్లు. కాలి మెత్తబడిన పిడి చేతికి అంటుకుంటే ఎట్లాగో విదిలించుకుంది. ఇప్పుడు ఆ చేతికి మణికట్టు దాకా కట్టు.

పక్కింటి గిరిప్రసాద్ రాడ్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యాడ తెచ్చినావమ్మా దీన్ని?"

"ఫోన్లో తెప్పిచ్చినానన్నా. పలమనేరు సలికి పొద్దున్నే నీళ్లు ముట్టుకోలేక."

"పేరు కూడా లేదే దీని మీద. ఎట్ల నమ్మినావు?"

కోమలి తల దించుకుంది.

"లోకేశ్వరక్క బాగుండాదని రాసిందన్నా."

గిరిప్రసాద్ చేతిలో రాడ్డు ఆగిపోయింది.

లోకేశ్వరి ఆయన భార్య. పోయి పదకొండు నెలలైంది.

"అక్క ఉన్నప్పుడు రాసుంటాదిలే అనుకున్నా. తేదీ సూడలేదు."

ఎడమ చేత్తో ఫోన్ తీసి చూపించింది.

లోకేశ్వరి, పలమనేరు. కాణిపాకంలో తీయించుకున్న ఫొటో. పక్కన ఐదు నక్షత్రాలు.

"అద్భుతమైన ఉత్పత్తి. మా కుటుంబమంతా ఎంతో సంతృప్తి చెందాము."

తేదీ పోయిన నెల పన్నెండు.

గిరిప్రసాద్ పాలకేంద్రంలో పాలు పరీక్ష చేస్తాడు. నీళ్లు కలిపినవాణ్ణి పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. ఇక్కడ పరీక్ష కూడా అవసరం లేకపోయింది. లోకేశ్వరి బతికినన్నాళ్లూ ఏ వస్తువుతోనూ సంతృప్తి చెందలేదు.

ఆమె పోయాక ఆమె నంబరుకు ఆయన రీచార్జి చేయించలేదు. ఆ నంబరు ఇంకెవరికో వెళ్లింది. దాంతోపాటు ఆమె ఖాతా కూడా వెళ్లిందని ఇప్పుడు తెలిసింది.

ఆ పదకొండు నెలల్లో లోకేశ్వరి పదిహేడు వస్తువులను మెచ్చుకుంది.

వేలితో కిందికి జరిపాడు. పదిహేడూ దాటాక అసలు లోకేశ్వరి మొదలైంది. ఫోన్లో మాట్లాడితే అదే రాసిపెట్టేది ఆమెకు.

"మూత సరిగా పడదు. పాలు పొంగితే ఎగిరి దూకతాది. కొనొద్దండమ్మా." ఒక నక్షత్రం.

"దుప్పటి అని పంపినారు. టవలంత ఉండాది. కాళ్లు కప్పుకుంటే తల బయట." ఒక నక్షత్రం.

అన్నిటికన్నా చివర రాసింది స్వెటర్ గురించి.

"బాగుండాది. మా ఆయన గుచ్చుకుంటాదంటాడు. ఆయన మాట పట్టిచ్చుకోవద్దండి. విప్పమంటే విప్పడు." నాలుగు నక్షత్రాలు.

దాని కింద చిన్న అక్షరాలు: ఇది 312 మందికి ఉపయోగపడింది.

గిరిప్రసాద్ నవ్వాడు. కోమలి మొహం పక్కకు తిప్పుకుంది.

మర్నాడు ఆ ఫోన్లో సరుకులమ్మే కంపెనీకి ఫోన్ చేశాడు. భానుశ్రీ అనే అమ్మాయి మాట్లాడింది.

"డెత్ సర్టిఫికెట్ పంపండి సర్. ఖాతా మూసేస్తాం. అందులోని రివ్యూలన్నీ పోతాయి."

"అన్నీ ఎందుకు మేడమ్? దొంగవి పదిహేడు. అవి తీసేస్తే సాలు."

"అలా వేరు చేయలేం సర్. ఉంచితే అన్నీ ఉంటాయి. తీస్తే అన్నీ పోతాయి."

"రేపు చెప్తా" అని పెట్టేశాడు.

"అక్క రాసినవి ఫొటో తీసి పెట్టుకోన్నా" అంది కోమలి.

తీసుకున్నాడు.

ఫొటోలో 312 అలాగే ఉంది. ఖాతాలో, స్వెటర్ కింద మాత్రం 313 అయింది. ఎక్కడో ఎవరో లోకేశ్వరి మాట విన్నారు.

రేపు చెప్తానన్నవాడు చెప్పలేదు.

రోజూ పాలకేంద్రానికి బయలుదేరే ముందు ఆ అంకె చూసుకునేవాడు. 315. 319. అంకె కదలని రోజు, పాలు పోసేవాళ్ల మీద ఊరికే విసుక్కునేవాడు.

పక్కింట్లో కోమలి ఎడమ చేత్తో ముగ్గు వేస్తుంటే ఆ వైపు చూడకుండా వెళ్లేవాడు. ఆమె ఏమీ అడగలేదు.

పదో రోజు పొద్దున పద్దెనిమిదోది కనిపించింది.

గ్యాస్ పైపు.

"మా ఇంట్లో పసిపిల్లలు ఉన్నారు. అయినా నిశ్చింతగా వాడుతున్నాము." ఐదు నక్షత్రాలు.

లోకేశ్వరికి పిల్లలు లేరు. పిల్లల కోసం తిరుపతిలో ఆమె ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు.

కింద చిన్న అక్షరాలు: ఇది 6 మందికి ఉపయోగపడింది.

చూస్తుండగానే 7.

గిరిప్రసాద్ పాలకేంద్రానికి వెళ్లలేదు. బీరువాలోంచి సర్టిఫికెట్ తీసి, ఫొటో పంపి, ఫోన్ చేశాడు.

ఈసారీ భానుశ్రీయే ఎత్తింది.

"అందింది సర్. మూసేయమంటారా? మళ్లీ తెరవడం కుదరదు."

"ఒక్క నిమిషం ఉండు తల్లీ."

ఆ అమ్మాయి ఉంది.

"మూసేయండి."

కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు.

"అయిపోయింది సర్. రిజిస్టరైన నంబరుకు మెసేజ్ కూడా వెళ్తుంది."

"ఎవరికి? లోకేశ్వరికా?"

"ఆమె పేరు మీదే వెళ్తుంది సర్."

"ఏమని పోతాది?"

"'లోకేశ్వరి గారూ, మీ కోరిక మేరకు మీ ఖాతా మూసివేశాం' అని."

లైన్లో ఉన్నారా సర్ అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది.

"ఆమె కోరిక కాదు తల్లీ" అన్నాడు. "నాదని రాయి."